ఎస్టిమేట్లు రాసే యాప్‌కి ఎంత రేటు పెట్టాలి? 0.99 డాలర్‌కే వదిలేయనా?

తెల్లకాగితం:

అందరికీ నమస్తే. చిన్న చిన్న కాంట్రాక్టు పనులు చేసుకునే ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, పెయింటర్ల కోసం ఒక యాప్ తయారు చేశాను. పని చూడ్డానికి వెళ్లినచోటే కొలతలు, సామాను, కూలి ఫోన్‌లో ఎక్కిస్తే అక్కడికక్కడే ఎస్టిమేట్ పీడీఎఫ్ వచ్చేస్తుంది. కస్టమర్ సరే అంటే అదే బిల్లుగా మారిపోతుంది. లాగిన్ లేదు, సర్వర్ లేదు, డేటా మొత్తం వాళ్ల ఫోన్‌లోనే ఉంటుంది. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ రెడీ. టెస్టింగ్‌లో వాడినవాళ్లు బాగుందనే అన్నారు, కాకపోతే అందులో సగం మంది చుట్టాలూ స్నేహితులే, బాలేదని మొహం మీద ఎలాగూ అనరు.

ఇప్పుడు రేటు దగ్గర ఆగిపోయాను. స్టోర్‌లో ఇలాంటివి చూస్తే కొన్ని పూర్తిగా ఫ్రీ, తెరిస్తే చాలు యాడ్స్. కొన్ని నెలనెలా కట్టమంటాయి. నాకేమో 0.99 డాలర్ పెట్టేసి ఊరుకుందామనిపిస్తోంది, అంత తక్కువైతే ఎవరైనా ఆలోచించకుండా కొనేస్తారు కదా. ఇంకో ఆలోచన ఏంటంటే మొదట ఓ ఏడాది ఫ్రీగా వదిలేసి, జనం అలవాటుపడ్డాక రేటు పెట్టడం. మూడోది సబ్‌స్క్రిప్షన్. ఏది చేసినా తర్వాత మార్చుకోవచ్చులే అనుకుంటున్నా, అయినా ఎందుకో టెన్షన్‌గానే ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మూడోకన్ను:

"తర్వాత మార్చుకోవచ్చులే" అన్నారే, అక్కడే ఆగండి. గూగుల్ ప్లేలో ఒకసారి ఫ్రీ అని పబ్లిష్ చేసిన యాప్‌ని మళ్లీ పెయిడ్ చేయడం కుదరదు. కొత్త ప్యాకేజీ నేమ్‌తో (స్టోర్ యాప్‌ని గుర్తుపట్టే పేరు) కొత్త యాప్‌గా పెట్టుకోవాల్సిందే, అప్పటిదాకా వచ్చిన డౌన్‌లోడ్లు, రివ్యూలు అన్నీ పాతదాంట్లోనే ఉండిపోతాయి. పెయిడ్‌ని ఫ్రీ చేయొచ్చు, వెనక్కి రావడానికి మాత్రం ఉండదు. యాపిల్‌లో ఎటునుంచి ఎటైనా మార్చుకోవచ్చు.

డౌన్‌లోడ్ ఫ్రీగా ఉంచి లోపల ఏదైనా అమ్మడానికైతే రెండుచోట్లా ఎప్పుడైనా వీలుంది. కాబట్టి మీ రెండో ఆలోచనకి దారి పూర్తిగా మూసుకుపోలేదు. కానీ ఏడాదిపాటు ఊరికే వాడుకున్నదానికి ఒకరోజు పొద్దున్నే తాళం కనబడితే జనం ఏమంటారో మీకు చెప్పక్కర్లేదు, ఆ వారం రేటింగ్ చూడ్డానికి ధైర్యం కావాలి. ఏది ఊరికే ఇస్తారో, ఏది అమ్ముతారో మొదటిరోజే గీత గీసేయండి.

లెక్కలమామ:

అబ్బాయ్, 0.99 అంటే ఆలోచించకుండా కొంటారన్నది యాప్ స్టోర్ కొత్తల్లో మాట. 2008లో స్టోర్ తెరిచినప్పుడు యాప్ లోపల కొనుక్కునే ఏర్పాటే లేదు, అది 2009లో వచ్చింది. టాప్ లిస్టుల్లో పైకి ఎక్కాలని అందరూ ఒకరిని చూసి ఒకరు రేటు తగ్గించుకుంటూ పోయారు. (అదే 2008లో ఎర్రరాయి బొమ్మ చూపించడం తప్ప ఏ పనీ చేయని "ఐ యామ్ రిచ్" అనే యాప్‌ని 999.99 డాలర్లకి పెడితే, యాపిల్ తీసేసేలోపు 8 మంది కొన్నారు. సరే, అది వేరే కథ.) ఇప్పుడు ఫ్రీ యాప్‌లకి అలవాటుపడ్డవాడికి డౌన్‌లోడ్‌కి ముందే డబ్బు కట్టమంటే 0.99 అయినా 4.99 అయినా ఒకటే, అసలు కార్డు తీయాలా అన్నదగ్గరే ఆగిపోతాడు. ఆ మెట్టు దాటినవాడికి నాలుగు డాలర్ల తేడా పెద్ద విషయం కాదు.

ఇక లెక్క. స్టోర్ కమిషన్ మామూలుగా 30 శాతం. చిన్న డెవలపర్లకి యాపిల్ 2021 జనవరి నుంచి 15 శాతం చేసింది, ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటనివాళ్లకి. గూగుల్ అదే ఏడాది జులై నుంచి, ప్రతి ఏడాదీ మొదటి 10 లక్షల డాలర్ల మీద 15 శాతం. రెండుచోట్లా నువ్వు వెళ్లి చేరాలి, వాళ్లంతట వాళ్లు తగ్గించరు. ఇది తెలీక 30 కట్టుకుంటూ పోయేవాళ్లు ఉన్నారు. పబ్లిష్ చేసే ముందు అప్పటికి ఉన్న షరతులు ఒకసారి చదువుకో, ఈ మధ్య దేశాన్నిబట్టి కూడా మారుతున్నాయి.

15 శాతం పోతే 0.99కి నీ చేతికొచ్చేది 0.84. యాపిల్ డెవలపర్ అకౌంట్‌కి ఏడాదికి 99 డాలర్లు కట్టాలి, అంటే ప్రతి ఏడాదీ మొదటి 118 మంది డబ్బు ఆ ఫీజుకే సరి. 9.99 పెడితే చేతికి 8.49, 12 మందితో ఫీజు తీరిపోతుంది. గూగుల్‌ది 25 డాలర్లు ఒకేసారి, దానితో బాధ లేదు.

అసలు ఖర్చు నీ టైమ్. 9.99కి ఒకడు కొన్నంత రావాలంటే 0.99కి పదిమంది కొనాలి. ఆ పదిమందీ మెయిల్ పెడతారు. లోగో ఎలా మార్చాలి, పాత ఫోన్‌లో బిల్లులు కొత్త ఫోన్‌లోకి ఎలా తేవాలి, ప్రింటర్ పలకట్లేదు (ఇది నీ యాప్ సంగతే కాదు, అయినా నిన్నే అడుగుతారు). ఒక్కో మెయిల్‌కి పావుగంట అనుకున్నా 84 సెంట్లు ఎప్పుడో ఖర్చయిపోయాయి.

నిద్రలేనిదేవ్:

లెక్కలమామ గారి లెక్కంతా ఒక్కసారి అమ్మకం మీదే ఉంది, నేను మాత్రం సబ్‌స్క్రిప్షన్ వైపే. ఎందుకంటే యాప్ "అయిపోయింది" అనేది ఉండదు. గూగుల్ ఏటా టార్గెట్ ఏపీఐ లెవెల్ (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం తయారైందో చెప్పే నంబర్) పెంచమంటుంది, పెంచకపోతే అప్‌డేట్లు తీసుకోదు, ఇంకా పాతబడితే కొత్త ఫోన్లవాళ్లకి యాప్ కనబడదు. యాపిల్ కూడా అంతే, కొత్త ఎస్‌డీకేతో (యాప్‌లు తయారుచేయడానికి యాపిల్ ఇచ్చే సామగ్రి) బిల్డ్ చేస్తేనే తీసుకుంటుంది. అంటే ఒక్క కొత్త ఫీచర్ పెట్టకపోయినా ఏటా కొన్ని వారాంతాలు పోతాయి. మూడేళ్ల కింద ఒకసారి డబ్బు కట్టినవాడి కోసం ఇవాళ ఊరికే పని చేస్తుంటారన్నమాట.

పైగా మీ యాప్ వాడేది పని చేసి డబ్బు సంపాదించుకునేవాళ్లు, సరదాకి కాదు. వాళ్లకి నెలనెలా కట్టే ఖర్చులు అలవాటే. గూగుల్ అయితే 2022 జనవరి నుంచి సబ్‌స్క్రిప్షన్‌కి కమిషన్ మొదటిరోజు నుంచే 15 శాతం చేసింది. నెలకి 2.99, ఏడాదికైతే 19.99 పెట్టి, ఏడాది ప్లాన్‌ని ముందు చూపించండి. రేటు పెంచాలన్నా, పాతవాళ్లని పాత రేటుకే ఉంచి కొత్తవాళ్లకి మాత్రమే పెంచే వీలు రెండు స్టోర్లలోనూ ఉంది.

పాతకోడు:

ఏటా పని ఉంటుందన్న మాట నిజమే, కానీ ఈ యాప్‌కి సబ్‌స్క్రిప్షన్ అతకదు. వాడేవాడి వైపు నుంచి చూడండి. సర్వర్ లేదు, డేటా నా ఫోన్‌లోనే ఉంది అని మీరే గొప్పగా చెప్తున్నారు. మరి నెలనెలా దేనికి కట్టాలి? కట్టడం ఆపేస్తే నేను రాసుకున్న పాత బిల్లులు నాకు తెరుచుకోవా? ఈ రెండో ప్రశ్న వచ్చిందంటే మీ పని అయిపోయినట్టే, తన లెక్కల పుస్తకం వేరేవాడి బీరువాలో పెట్టడానికి ఎవడూ ఒప్పుకోడు. ఇంకోటి, ఈ పనులు నెలకొకలా ఉంటాయి. ఒక నెల ఊపిరాడదు, రెండు నెలలు ఖాళీ. ఖాళీ నెలలో అకౌంట్లోంచి డబ్బు కట్ అయితే మొదట గుర్తొచ్చేది మీ యాపే, క్యాన్సిల్ కొట్టేస్తాడు.

నేనైతే డౌన్‌లోడ్ ఫ్రీ, లోపల ఒక్కసారి కొనుక్కునే ఫుల్ వెర్షన్ పెడతాను. రేపెప్పుడైనా క్లౌడ్ బ్యాకప్, ఇద్దరు పార్ట్‌నర్లు ఒకే బిల్లు పుస్తకం వాడుకోవడం లాంటివి వస్తే అప్పుడు వాటికి సబ్‌స్క్రిప్షన్ పెట్టుకోవచ్చు, మీకూ నెలనెలా సర్వర్ ఖర్చు ఉంటుంది కాబట్టి అడగడానికి నోరు వస్తుంది.

కానీ ఫ్రీగా దింపుకున్నవాళ్లలో ఎంతమంది కొంటారన్నదాని మీద ఆశలు పెట్టుకోకండి. నింటెండో 2016 డిసెంబర్‌లో సూపర్ మారియో రన్ తెచ్చింది. దించుకోవడం ఫ్రీ, మొదటి కొన్ని లెవెల్స్ ఫ్రీ, మిగతాదంతా 9.99 ఒక్కసారి. మారియో అంటే తెలియనివాడు లేడు, అయినా 2 నెలలు తిరక్కుండా 7.8 కోట్ల డౌన్‌లోడ్లు వస్తే కొన్నది 5 శాతం పైచిలుకు. డబ్బు కట్టాలని ముందు తెలీదంటూ తక్కువ రేటింగ్ ఇచ్చినవాళ్లు కోకొల్లలు. పేరూ ఊరూ తెలీని మన యాప్‌కి వందకి ఇద్దరు కొన్నా సంతోషపడాలి, లెక్కలు అలాగే వేసుకోండి.

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునే విషయం: తాళం ఎక్కడ వేస్తారన్నది. రేటు కంటే ఇదే ముఖ్యం అంటాను. మీ పెయింటర్ ఒకరి ఇంట్లో హాలు మధ్యలో నిలబడి ఉన్నాడు. గోడలు కొలిచాడు, అన్నీ ఎక్కించాడు, ఇంటాయన పక్కనే నిలబడి ఎంతవుతుందని ఫోన్‌లోకి తొంగి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు "పంపు" నొక్కితే "ఫుల్ వెర్షన్ కొనండి" అని తెర మొత్తం వస్తే? పరువు పోయింది. కొనడు సరికదా, బయటికొచ్చి ముందు మీకు ఒక నక్షత్రం ఇచ్చి తర్వాత బండి ఎక్కుతాడు. మొదలుపెట్టిన ఎస్టిమేట్‌ని ఎప్పుడూ మధ్యలో ఆపొద్దు. ఓ అయిదు ఎస్టిమేట్లు ఏ అడ్డూ లేకుండా, ఆయన లోగోతో సహా, పూర్తిగా పంపుకోనివ్వండి. నాలుగోది పంపాక "ఇంకొకటి ఫ్రీగా ఉంది" అని కింద చిన్న అక్షరాల్లో చూపించండి. అయిదోది అయ్యాక, కొత్తది మొదలుపెట్టేటప్పుడు రేటు అడగండి. రాసినవి చూసుకోవడం, మళ్లీ పంపడం మాత్రం కొన్నా కొనకపోయినా జీవితాంతం తెరిచే ఉండాలి. కొందరు పీడీఎఫ్ మీద అడ్డంగా వాటర్‌మార్క్ వేస్తారు, అది కూడా వద్దు, మీ ప్రచారం కోసం ఆయన కస్టమర్ ముందు ఆయన్ని చిన్నబుచ్చినట్టవుతుంది.

తెల్లకాగితం:

పాతకోడు గారూ, "పంపు" దగ్గరే తాళం వేద్దామని డిజైన్ కూడా గీసి పెట్టుకున్నాను, ఇప్పుడే తీసేస్తున్నాను. 0.99 ఆలోచన కూడా వదిలేశా. అందరికీ చాలా థ్యాంక్స్.

కానీ అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఒక్కసారి అమ్మకమే అనుకుందాం, ఎంత? టెస్టర్లని అడిగితే ఒకరు 2 డాలర్లు, ఒకరు 5, ఒకరైతే "నీ ఇష్టం, నువ్వెంత పెడితే అంత" అన్నారు. వీటిలోంచి నంబర్ ఎలా తేల్చాలి?

గోడమీదపిల్లి:

"ఎంతిస్తావు" అని అడిగితే ఎవరూ నిజం చెప్పరండీ. స్నేహితుడైతే మొహమాటానికి ఎక్కువ చెప్తాడు, కొనేవాడైతే బేరం మొదలైందనుకుని తక్కువ చెప్తాడు. దీనికోసం నాలుగు ప్రశ్నల పద్ధతి ఒకటుంది, 1976లో వాన్ వెస్టెండార్ప్ అనే డచ్ ఆర్థికవేత్త పెట్టింది. ఎంతకి వస్తే ఇంత చవకేంటి, ఇందులో ఏదో లోపం ఉందని అనుమానపడతారు? ఎంతకైతే మంచి బేరం అనుకుంటారు? ఎక్కడినుంచి ఖరీదే అయినా చూద్దాం అనిపిస్తుంది? ఎక్కడ ఇక వద్దు అంటారు? వందలమందిని అడగగలిగితే గ్రాఫ్ గీసుకోవచ్చు. మీ పదీ పదిహేనుమంది చుట్టాలతో గ్రాఫ్ అనవసరం కానీ, మొదటి ప్రశ్న మాత్రం అడిగి చూడండి. బిల్లులు రాసే యాప్ 0.99కి ఇస్తున్నారంటే వీడు రేపు ఉంటాడా, ఉండడా, నా లెక్కలు ఏమవుతాయి అని భయపడేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

దానికంటే మంచిది, చుట్టాలు కాని ఇద్దరు ముగ్గురిని పట్టుకుని రేటు ఊసెత్తకుండా మాట్లాడటం. ఇప్పుడు ఎస్టిమేట్ ఎలా ఇస్తున్నారు? నోటిమాటా, కాగితమా? రాత్రి ఇంటికెళ్లాక రాస్తే ఎంతసేపు పడుతుంది? ఆలస్యంగా ఇచ్చినందుకు పని వేరేవాడికి వెళ్లిపోయిన సందర్భం ఉందా? ఫోన్‌లో ఇప్పటిదాకా దేనికైనా డబ్బు కట్టారా, దేనికి కట్టారు, ఎందుకు కట్టారు? ఆఖరి ప్రశ్నకి "ఎప్పుడూ కట్టలేదు" అన్న జవాబే అందరి దగ్గరా వస్తే రేటు సంగతి తర్వాత, మీరు వేరేరకం కొనేవాళ్లని వెతుక్కోవాలి. అలాక్కాదు, వారానికి రెండు మూడు సాయంత్రాలు ఈ రాతకే పోతున్నాయని చెప్తే, ఆ సాయంత్రాలు తిరిగొచ్చినందుకు ఒక గంట కూలి ఇవ్వడం వాళ్లకి ఎక్కువేం కాదు. మీ నంబర్ ఆ చుట్టుపక్కలే ఉంటుంది, పక్క యాప్ రేటు చూస్తే దొరకదు.

ఇంకో మాట. ఎక్కువతో మొదలుపెట్టి తగ్గించుకోవచ్చులే అంటారు కొందరు, నేను ఒప్పుకోను. తగ్గిస్తే నిన్న కొన్నవాడు తిడతాడు, పెంచితే నిన్న కొన్నవాడు తెలివైన పని చేశానని మురిసిపోతాడు. కాబట్టి 9.99తో మొదలుపెట్టి, "ఇది మొదలుపెట్టిన రేటు, తర్వాత పెరుగుతుంది" అని ముందే రాసేయండి. తర్వాత 14.99 చేయండి. అమ్మకాలు మరీ పడిపోకపోతే 19.99 కూడా చూడొచ్చు. పేరుకి గోడమీదపిల్లినే కానీ ఈ విషయంలో మాత్రం గోడ దిగేశాను.

లెక్కలమామ:

పిల్లిగారి మాటకి నా ఓటు. పనిలో పనిగా రెండు లెక్కలు.

ఒకటి, పన్ను. చాలా దేశాల్లో స్టోర్‌లో కనబడే రేటులోనే పన్ను కలిసి ఉంటుంది. 20 శాతం వ్యాట్ ఉన్నచోట 9.99 అని కనబడితే అందులో ముందు పన్ను తీసేయాలి, 8.33 మిగులుతుంది, దానిమీద 15 శాతం కమిషన్ పోతే నీకొచ్చేది 7.08. 8.49 వస్తుందని అన్నిచోట్లా లెక్కేసుకోకు.

రెండు, దేశానికో రేటు. యాపిల్ 2022 డిసెంబర్‌లో డెవలపర్లు ఎంచుకోగల రేటు మెట్లని 900 దాకా పెంచింది, 0.29 నుంచి 10,000 డాలర్ల దాకా. నువ్వు ఒక దేశానికి రేటు పెడితే మిగతా దేశాలకి అదే లెక్కగట్టి పెట్టేస్తుంది, కానీ ఆ లెక్క మారకం రేటు, పన్నులు చూస్తుంది తప్ప అక్కడివాడి సంపాదన చూడదు. గంట కూలి ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు కదా. కాబట్టి నీకు ఎక్కువమంది వస్తారనుకున్న దేశాల వరకైనా చేత్తో సరిచేసుకో. యాప్ స్టోర్ ఉన్న 175 దేశాలకీ ప్రాంతాలకీ కూర్చుని మార్చమనట్లేదు, ఓ అరడజను చాలు.

నిద్రలేనిదేవ్:

ఈ యాప్‌కి ఒక్కసారి అమ్మకమే మేలేమో, సరే ఒప్పుకుంటున్నా. కానీ "జీవితాంతం అన్ని అప్‌డేట్లూ ఫ్రీ" అని మాత్రం ఎక్కడా రాయొద్దు. ఇప్పుడున్న ఫీచర్లు ఎప్పటికీ మీవే అని రాయండి చాలు. లేకపోతే రెండేళ్ల తర్వాత పాతకోడు గారు చెప్పిన క్లౌడ్ బ్యాకప్‌కి డబ్బు అడిగినప్పుడు ఆ వాక్యం స్క్రీన్‌షాట్ తీసి మీకే పంపిస్తారు.

తెల్లకాగితం:

అయితే ఇదీ నా ప్లాన్: డౌన్‌లోడ్ ఫ్రీ, అయిదు ఎస్టిమేట్లు పూర్తిగా, తర్వాత ఒక్కసారి 9.99, పాత బిల్లులకి తాళం లేదు, యాడ్స్ లేవు. ముందు నాకు ముక్కూ మొహం తెలీని ముగ్గురితో పిల్లిగారు చెప్పిన ప్రశ్నలు మాట్లాడి, అప్పుడు 9.99కే ఉంటానో 14.99కి వెళ్తానో చూస్తాను.

ఇక ఒకే సందేహం, లాగిన్ లేదు కదా, కొన్నవాళ్లు ఫోన్ మారిస్తే ఏం చేయాలి?

మూడోకన్ను:

ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి, ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి అయితే భయం లేదు, కొన్న సంగతి స్టోర్ అకౌంట్‌లోనే ఉంటుంది. యాప్‌లో "రిస్టోర్" (కొన్నది తిరిగి తెచ్చుకునే) బటన్ మాత్రం కనబడేలా పెట్టండి, యాపిల్‌వాళ్లు అది లేకపోతే రివ్యూలోనే వెనక్కి పంపుతారు. యాప్ పూర్తిగా డిలీట్ చేసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, ఆ బటన్ నొక్కి చూడకుండా రిలీజ్ చేయకండి. బిల్లుల డేటా వేరే సంగతి, రిస్టోర్ అంటే అవి కూడా వచ్చేస్తాయనుకుంటారు జనం, రావు. ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకునే దారి కొనకముందే, ఫ్రీ వెర్షన్‌లోనే ఉండాలి.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారితే మాత్రం కొన్నది వెంట రాదు, మళ్లీ కొనాల్సిందే. ఆ ముక్క రేటు చూపించే తెర మీదే ఒక లైన్ రాయండి. అయినా ఎవరో ఒకరు మెయిల్ పెడతారు. పాత రసీదు పంపమనండి, పంపితే ఫ్రీగా తీసుకునే కోడ్ ఒకటి ఇచ్చేయండి.